అంపశయ్యపై నుంచి అందిన వేయి నామాలు

శనివారం వచ్చినా, ఏకాదశి వచ్చినా మన ఇళ్లలో విష్ణు సహస్రనామం వినిపిస్తుంది. నిత్యపారాయణ చేసే గృహాలూ ఎన్నో ఉన్నాయి. ధర్మరాజు ప్రశ్నలు అడగడం, భీష్మ పితామహుడు వాటికి సమాధానంగా శ్రీమన్నారాయణుని వేయి నామాలను కీర్తించడం అందరికీ తెలిసిన విషయమే. అయితే ఆ నామాలు పలికిన మహానుభావుడు ఆ సమయంలో ఏ స్థితిలో ఉన్నాడన్నది పారాయణ వేళ మనలో ఎందరు స్మరిస్తున్నారు? ఆయన సింహాసనం మీద లేడు. యజ్ఞశాలలో లేడు. ఒళ్లంతా బాణాలు నాటుకొని, లేవలేక, పక్కకు ఒత్తిగిలలేక అంపశయ్యపై పడి ఉన్నాడు.

నలభై ఏళ్లుగా స్వామికి సహస్రనామార్చన చేస్తూ వచ్చిన నేను కూడా ఈ సంగతిని మనసుకు పట్టించుకోలేదు. నా చేయి నా మాట వినడం మానేసిన తరువాతనే అది నాకు అవగతమైంది.

తీర్థం తొణికిన రోజు

మదనపల్లె సమీపంలోని ఒక చిన్న విష్ణ్వాలయంలో అర్చకత్వం మా కుటుంబానికి తరతరాలుగా వస్తున్నది. కొన్నేళ్ల క్రితం ఒక ధనుర్మాసంలో, తెల్లవారుజామున తీర్థం ఇస్తుండగా నా కుడిచేతిలోని ఉద్ధరిణె వణికింది. తీర్థం భక్తురాలి చేతిలో పడవలసింది ఆమె చీరకొంగు మీద పడింది. మా ప్రాంతంలో ఆ నెలలో చలి ఎక్కువ. చలివల్లనే అనుకున్నాను. ఎండాకాలం వచ్చింది. చలి పోయింది గాని వణుకు పోలేదు. తరువాత హారతి పళ్లెం వంతు వచ్చింది. ఆ పిమ్మట నా అక్షరాలు నానాటికీ చిన్నవైపోయి, పంచాంగం పక్కన రాసుకున్న తిథులను నేనే చదువుకోలేని స్థితి ఏర్పడింది.

ఒకనాడు క్యూలో నిలబడిన ఒక పెద్దమనిషి, "ఇంత కూడా పట్టుకోలేనివారు ఇంకా ఎందుకు స్వామీ, ఇంట్లో కూర్చోక?" అన్నాడు. ఆయన దురుద్దేశంతో అనలేదేమో. కాని ఆ మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

మా అబ్బాయి బలవంతం మీద పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లి, అక్కడి వైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించుకున్నాను. పరీక్షించిన డాక్టరుగారు నన్ను నడవమన్నారు, వేళ్లు తాటించమన్నారు, నా పేరు రాయమన్నారు. ఆ తరువాత నెమ్మదిగా చెప్పారు. ఇది వయసుతో వచ్చే సాధారణమైన వణుకు కాదు, పార్కిన్సన్ వ్యాధి. మెదడులో డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు క్రమంగా క్షీణించడం వల్ల ఇది వస్తుంది. మందులతో వణుకు, బిగుసుకుపోవడం తగ్గుతాయి. చాలాకాలం పనులు చేసుకోవచ్చు. కాని వ్యాధిని పూర్తిగా వెనక్కి తిప్పే మందు ఇప్పటికి లేదు.

ఈ వ్యాధిని 1817లో వివరించిన ఆంగ్ల వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ పేరే దీనికి స్థిరపడింది. మన ఆయుర్వేదంలో కంపవాతమన్న పేరుతో ఇటువంటి లక్షణాలే కనిపిస్తాయి. వైద్యులు వాడుతూ వచ్చిన ఓషధులలో ఆత్మగుప్త ఒకటి. ఆత్మగుప్త అంటే మరేమీ కాదు, తగిలితే ఒళ్లంతా దురద పుట్టించే మన దూలగొండి. 1937లో దామోదరన్, రామస్వామి అనే భారతీయ శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. నేడు ఈ వ్యాధికి ఇచ్చే ముఖ్యమైన మందు ఆ పదార్థమే. చెట్టు మందు కదా అని గింజలు తెచ్చి నూరుకొని తినడం మాత్రం ప్రమాదకరం. మోతాదు నిర్ణయించవలసినది వైద్యుడే.

ఆగమం అడిగిన ప్రశ్న

రోగం పేరు తెలిసిన తరువాత అసలు వేదన మొదలైంది. అర్చకుని లక్షణాలు చెప్పేచోట, అతడు అంగవైకల్యం లేనివాడై ఉండాలని ఆగమ గ్రంథాలు అంటాయి. విగ్రహాన్ని అభిషేకించే చేయి స్థిరంగా ఉండాలి. హారతి జారితే గర్భాలయంలో అపచారమే కాదు, అపాయం కూడా. నేను శిష్యులకు బోధించిన నియమమే నా ముందు నిలబడి ప్రశ్నించింది. దాన్ని నాకు అనుకూలంగా సడలించుకోవడం నాకు న్యాయమనిపించలేదు. ఒక శుభదినాన అర్చక బాధ్యతను మా అబ్బాయికి అప్పగించి గర్భాలయం గడప దాటి వచ్చాను.

ఆ గడప దాటిన తరువాత నేనెవరిని? ఈ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. వేదం చదివినవాణ్ణి, దేహం అనిత్యమని వందలసార్లు ఉపన్యసించినవాణ్ణి, ఒక ఉద్ధరిణె చేజారేసరికి నా బ్రతుకే చేజారినట్లు కుమిలిపోయాను. ఎవరైనా ఇంటికి వస్తే లోపలి గదిలోకి వెళ్లిపోయేవాణ్ణి. అన్నం తినేటప్పుడు మెతుకులు రాలుతున్నాయని పంక్తి భోజనాలు మానేశాను. మా ఇంటావిడ విసుగు లేకుండా అన్నం కలిపి పెడుతుంటే కృతజ్ఞతకు బదులు కోపం వచ్చేది. ఇటువంటి వ్యాధులలో దిగులు కూడా వ్యాధిలో భాగం కావచ్చునని, దానికీ చికిత్స ఉందని డాక్టరుగారు చెప్పేవరకు అది నా వైరాగ్యమని భ్రమపడ్డాను.

పుంగనూరు వసారాలో

కుప్పం నుంచి తిరిగి వచ్చే దారిలోనే పుంగనూరు. అక్కడ మా అక్కయ్యగారి ఇల్లు ఉంది. బావగారు తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. ఆయనకు కండరాలు క్రమంగా బలహీనపడే వ్యాధి. నడివయసులో మెట్లు ఎక్కడం కష్టమైంది. తరువాత కర్ర, ఆ తరువాత చక్రాల కుర్చీ. ఇప్పుడు మణికట్టు వరకే చేయి కదులుతుంది. వసారా పక్కన వారికి ఒక పుంగనూరు ఆవు ఉంది. సుమారు మూడడుగుల ఎత్తు ఉండే పొట్టిజాతి కాబట్టి అది దగ్గరకు వచ్చి నిలబడితే కుర్చీలో కూర్చున్న బావగారి వేళ్లకు దాని గంగడోలు అందుతుంది. వారికి నిత్యం జరిగే గోసేవ అంతే.

మందుల కోసం రెండోసారి కుప్పం వెళ్లి వస్తూ అక్కడ ఆగాను. నా గోడంతా వెళ్లబోసుకున్నాను. ఆయన ఓపికగా విన్నారు.

"ఏమోయ్, భారతం ఎన్నిసార్లు పురాణం చెప్పావు?" అని అడిగారు.

"లెక్క పెట్టలేదు బావా."

"భీష్ముడు ఎన్ని రోజులు యుద్ధం చేశాడు?"

"పది రోజులు."

"పడిపోయిన తరువాత ఎంత చెప్పాడు?"

నేను మాట్లాడలేదు. శాంతిపర్వం, అనుశాసనికపర్వం. భారతంలో అతి విస్తారమైన భాగాలు. రాజధర్మం, ఆపద్ధర్మం, మోక్షధర్మం, దానధర్మం, చివరకు విష్ణు సహస్రనామం. తిక్కన సోమయాజి తెనిగించిన పర్వాలలో ఇవీ ఉన్నాయి.

"నిలబడి చేసింది పది రోజుల యుద్ధం. పడుకొని ఇచ్చింది యుగాలకు సరిపడే ధర్మం. విల్లు పట్టే పని పోయింది. నోరు తెరిచే పని మిగిలింది. నీకేం మిగిలిందో చూసుకో" అన్నారు బావగారు. అంతలో వీధిలోని పిల్లలు నలుగురు పుస్తకాలతో వచ్చారు. వారికి ఆయన రోజూ సాయంత్రం పద్యం చెబుతారు. కాగితం తిప్పవలసింది పిల్లలే.

తలగడ కథ

ఇంటికి వచ్చి భారతం మళ్లీ తెరిచాను. ఈసారి పురాణం చెప్పడానికి కాదు, నా కోసం చదివాను. ఇంతకాలం నా దృష్టి నిలవని ఘట్టాలు కొన్ని అక్కడ కనిపించాయి.

పదవ నాటి సాయంకాలం భీష్ముడు పడిపోయాడు. రెండు పక్షాలవారూ ఆయుధాలు విడిచి వచ్చి ఆయన చుట్టూ నిలబడ్డారు. అప్పటికి ఆయన ధర్మబోధ చేయలేదు. ఎవరికీ ఏ ఉపకారమూ చేసే స్థితిలో లేడు. అయినా అందరూ చేతులు జోడించారు. ఇది ముందుగా గుర్తించవలసిన విషయం. మనిషి గౌరవం అతడు చేయగలిగే పనిని బట్టి మాత్రమే వచ్చేది కాదు.

శరీరమంతా బాణాలపై నిలిచింది గాని తల కిందికి వాలిపోతున్నది. తలగడ కావాలన్నాడు పితామహుడు. రాజులు పరుగుపరుగున మెత్తని, శ్రేష్ఠమైన తలగడలు తెచ్చారు. ఆయన చిరునవ్వుతో వద్దని అర్జునుని వైపు చూశాడు. అర్జునుడు కన్నీళ్లతోనే ఏమి చేయమంటారని అడిగాడు, ఆయన అభిప్రాయం గ్రహించాడు, మూడు బాణాలు నేలలో నాటి ఆ తలకు ఆధారంగా నిలిపాడు. వీరునికి తగిన తలగడ అదేనని భీష్ముడు సంతోషించాడు. మరునాడు దాహమన్నప్పుడు కూడా అంతే. రాజులు భక్ష్యాలు, చల్లని నీటి కుండలు తెచ్చారు. అర్జునుడు భూమిని భేదించి జలధారను రప్పించాడు.

రాజులకు ప్రేమ లేక కాదు. వారు తమకు మంచిదని తోచినది తెచ్చారు. అర్జునుడు ఆయనకు కావలసినది ఏదో అడిగి తెలుసుకొని తెచ్చాడు. సేవకూ జాలికీ మధ్య ఉన్న వ్యత్యాసం ఇదే. రోగిని చూసి అయ్యో అనేవారు ఇంటినిండా ఉంటారు. "నీకు ఏది ఎలా కావాలి?" అని అడిగేవారు ఒక్కరుంటే చాలు, అతని గౌరవం నిలుస్తుంది.

మరొక ఘట్టం శాంతిపర్వంలో ఉంది. శ్రీకృష్ణుడు పాండవులను వెంటబెట్టుకొని వచ్చి ధర్మాలు ఉపదేశించమని కోరితే, భీష్ముడు తన అశక్తతను దాచుకోలేదు. బాణాల బాధతో ఒళ్లు మండిపోతున్నదని, మనసు నిలవడం లేదని, మాట పెగలడం లేదని చెప్పాడు. అంతటి ధీరుడు బాధను బాధగానే చెప్పుకున్నాడు. అప్పుడు స్వామి ఏం చేశాడు? లేచి నిలబడమనలేదు. బాణాలను మాయం చేయలేదు. నొప్పి, తాపం, ఆకలిదప్పులు ఆయనను బాధించకుండా, బుద్ధి నిర్మలంగా ఉండేటట్లు వరమిచ్చాడు. ముందు నొప్పి తీర్చాడు, తరువాతనే పని అడిగాడు. నొప్పితో మెలికలు తిరుగుతున్నవారికి వేదాంతం చెప్పబోయే మనవంటివారు నేర్చుకోవలసిన క్రమం ఇది. ముందు వైద్యం, తరువాత ఉపదేశం.

భీష్ముడు వైద్యులను తిప్పి పంపాడు కదా అని ఎవరికైనా సందేహం రావచ్చు. నిజమే, దుర్యోధనుడు తెచ్చిన శల్యవైద్యులను ఆయన సత్కరించి పంపివేయమన్నాడు. ఆయన ఇచ్ఛామరణ వరం కలవాడు, తన నిష్క్రమణ కాలాన్ని నిర్ణయించుకున్న యోధుడు. మనకు ఆ వరం లేదు. కనుక మందులు మానేయడానికి ఆ ఘట్టాన్ని సాకుగా చెప్పుకోరాదు.

"అన్నీ తెలిసిన నీవుండగా నేను చెప్పడమేమిటి?" అని భీష్ముడు కృష్ణుని అడుగుతాడు. భీష్ముని కీర్తిని లోకంలో నిలపడానికే ఆ ధర్మం ఆయన నోట వెలువడాలని కోరుకున్నానంటాడు స్వామి. సాక్షాత్తూ గీతాచార్యుడు పక్కన నిలబడి, కదలలేని ఒక వృద్ధుని చేత చెప్పించాడు. యాభైఎనిమిది రాత్రులు ఈ శయ్యపై గడిపానని అనుశాసన పర్వం చివర భీష్ముడే చెప్పుకుంటాడు. ఆ శయ్య నుంచి వచ్చినవే నేడు మన పూజామందిరంలో మారుమోగే వేయి నామాలు.

పాపఫలమనే మాట

వైకల్యం కలవారిని చూసి, "ఏ జన్మలో ఏం పాపం చేశాడో" అనే మాట మన నోట అలవోకగా వస్తుంది. నా ఎదుటా అన్నారు. కర్మసిద్ధాంతాన్ని నేను నమ్ముతాను. అది నా నడవడిని నేను సరిదిద్దుకోవడానికి ఋషులు చూపిన దీపం. పొరుగువాని గాయం మీద పెట్టడానికి ఇచ్చిన నిప్పు కాదు.

అరణ్యపర్వంలో రోమశ మహర్షి ధర్మరాజుకు చెప్పిన అష్టావక్రుని కథ గమనించండి. గర్భంలో ఉండగానే తండ్రి కహోడుని అధ్యయనంలో దోషాన్ని ఎత్తిచూపాడు. తండ్రి కోపించి శపించాడు. ఎనిమిది వంకరలతో పుట్టాడు. ఇందులో బిడ్డ చేసిన పాపమేది? కారణం తండ్రి కోపం. పన్నెండేళ్ల వయసులో జనకుని యజ్ఞశాలకు వెళితే ద్వారపాలకుడు బాలుడవని అడ్డగించాడు. జుట్టు నెరిసినంత మాత్రాన ఎవరూ పెద్దవారు కారని సమాధానమిచ్చి లోపలికి వెళ్లి, వందిని వాదంలో ఓడించాడు, వందికి ఓడి నీటిపాలైన తండ్రిని తిరిగి పొందాడు. ఆ తరువాతనే సమంగా నదిలో స్నానం చేయడంతో అతని అవయవాలు చక్కబడ్డాయి. క్రమం చూడండి. శరీరం చక్కబడిన తరువాత గెలవలేదు, వంకరలతోనే గెలిచాడు.

మేల్పుత్తూరు నారాయణ భట్టతిరి చరిత్ర కూడా ఇటువంటిదే. పదహారవ శతాబ్దిలో కేరళలో జీవించిన ఆ మహాపండితుడు వాతరోగంతో బాధపడుతూ గురువాయూరు చేరి, స్వామి సన్నిధిలో రోజుకొక దశకం చొప్పున నూరు దశకాల నారాయణీయాన్ని రచించాడని ప్రసిద్ధి. వేయికి మించిన ఆ శ్లోకాలు ఆయువు, ఆరోగ్యం, సౌఖ్యం అన్న మాటలతో ముగుస్తాయి. నూరవ రోజున వ్యాధి నయమైందని మనం ఆనందంగా చెప్పుకుంటాం. తక్కిన తొంభైతొమ్మిది రోజులు ఆయన రోగిగానే రచించాడన్నది మరచిపోతాం. వ్యాధి నయం కానివారికి ధైర్యమిచ్చేవి ఆ తొంభైతొమ్మిది రోజులే.

మన నేల మీది సాక్ష్యాలు

ఇవన్నీ పురాతన గాథలని తోసిపుచ్చనవసరం లేదు. మదనపల్లెనే చూడండి. 1915లో ఊరి పక్కన క్షయరోగుల కోసం వెలసిన శానిటోరియం ప్రాంతానికి ఆరోగ్యవరమన్న చక్కని పేరు వచ్చింది. క్షయకు సరైన మందు లేని ఆ రోజుల్లో విశ్రాంతి, శుభ్రమైన గాలి, బలమైన ఆహారమే చికిత్స. నయమవుతుందో లేదో తెలియకుండానే నెలల తరబడి ఓర్పుతో రోజులు గడిపినవారిని ఈ నేల చూసింది.

ఇక్కడి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు వచ్చారు. జనగణమన గీతానికి ఆంగ్లానువాదం ఆయన ఇక్కడే చేశారు. ఆ గీతం బాణీని స్వరలిపిలో పెట్టినవారు నాటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ కజిన్స్. ఐర్లండులో పుట్టి, మన దేశాన్నే తన దేశంగా భావించి, 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పాటుకు పాటుపడిన విదుషీమణి ఆమె. 1944లో ఆమెకు పక్షవాతం వచ్చింది. 1954లో తుదిశ్వాస విడిచేవరకు ఆ స్థితిలోనే గడిపారు. ఆ పదేళ్ల నడుమనే, 1950లో, దంపతులిద్దరి ఉమ్మడి ఆత్మకథ వెలువడింది. మద్రాసు ప్రభుత్వం, తరువాత ప్రధాని నెహ్రూ ఆమెకు ఆర్థికంగా అండగా నిలిచారు. అది జాలితో వేసిన భిక్ష కాదు, ఆమె దేశానికి చేసిన సేవకు కృతజ్ఞత.

మన తెలుగువారి వాయులీన విద్వాంసులు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు 1893లో జన్మించారు. కంటిచూపు మందగించడంతో చిన్ననాడే బడి చదువు ఆగిపోయింది. బడి మూసిన తలుపును నాదం తెరిచింది. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యులై, 1936లో అదే కళాశాలకు అధ్యక్షులయ్యారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వారిని వరించాయి. కచేరీలో కళ్లు మూసుకొని విన్న శ్రోతకు ఆ కమాను పట్టిన చేయి తప్ప వారి చూపు లోపం గుర్తుకు వచ్చి ఉండదు.

శాస్త్రం చూపిన వెసులుబాటు

అనుష్ఠానపరులకు మరొక బెంగ ఉంటుంది. "స్నానం చేయలేను, పద్మాసనం వేయలేను, నా సంధ్య ఏం కావాలి?" అని నన్ను అడిగేవారున్నారు. మన ధర్మశాస్త్రకారులు అశక్తుణ్ణి ఎన్నడూ విడిచిపెట్టలేదు. నీటితో చేసే వారుణ స్నానంతో పాటు మంత్రస్నానం, మృత్తికతో భౌమం, భస్మంతో ఆగ్నేయం, గోధూళితో వాయవ్యం, ఎండవానతో దివ్యం, విష్ణు స్మరణతో మానసం అని ఏడు విధాల స్నానాలను చెప్పారు. మంచం మీద ఉన్నవారు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకొని, మార్జన మంత్రాలతో నీళ్లు చిలకరించుకొని, స్వామిని తలచుకుంటే అది స్నానమే. కుర్చీలో కూర్చుని చేసిన జపం జపమే. పుష్పం పట్టలేని చేతికి మానసపూజ ఉంది. చేయగలిగి కూడా మానడం దోషం, చేయలేనప్పుడు మానసికంగా చేయడం ధర్మం.

గడపలోపల చేయవలసినవి

ఇటువంటివారు ఉన్న గృహస్థులకు అనుభవంతో కొన్ని మాటలు మనవి చేస్తాను. మందు వేళ తప్పనీయకండి. నా వ్యాధిలో గంట ఆలస్యమైతే కాలు నేలకు అతుక్కుపోయినట్లవుతుంది. స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడకు కడ్డీ, ఎత్తైన మరుగుదొడ్డి పీట, జారని నేల ఏర్పాటు చేయండి. పడిపోతే విరిగేది ఎముక ఒక్కటే కాదు, ధైర్యం కూడా విరుగుతుంది. వారు మాట కూడదీసుకుంటున్నప్పుడు మీరు అందుకొని పూర్తిచేయకండి. వచ్చిన అతిథి, "పెద్దాయన ఎలా ఉన్నారు?" అని మిమ్మల్ని అడిగితే, "ఆయన్నే అడగండి" అనండి. శుభకార్యాలకు వారిని ఇంట్లో వదిలి వెళ్లకండి.

చట్టం కూడా అండగా ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పార్కిన్సన్ వ్యాధి, కండరాల క్షీణత వాటిలో ఉన్నాయి. 40 శాతం, ఆపైన వైకల్యమున్నట్లు ధ్రువపత్రం పొందినవారికి ప్రత్యేక సౌకర్యాలు వర్తిస్తాయి. మన రాష్ట్రంలో 2024లో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలకు పెరిగింది. అర్హత ఉన్నవారు దీన్ని తీసుకోవడంలో నామోషీ లేదు. బావగారిని ధ్రువపత్రానికి ఒప్పించడానికి మా అక్కయ్యకు ఏడాది పట్టింది.

దేవాలయ ధర్మకర్తలకు నా విన్నపం ఒకటే. మెట్ల పక్కన ఒక ఏటవాలు దారి కట్టించండి. స్వామి గజేంద్రుని కోసం తానే పరుగెత్తి వచ్చాడు. ఆయన దగ్గరకు రాదలచిన భక్తునికి నాలుగు మెట్లు అడ్డం కారాదు.

నాకు మిగిలిన పని

ఇప్పుడు మా ఆలయంలో తీర్థం ఇచ్చేది మా అబ్బాయి. నేను ముఖమండపంలో స్తంభానికి ఆనుకొని కుర్చీలో కూర్చుంటాను. సాయంత్రం ఏడెనిమిది మంది పిల్లలు వస్తారు. వారికి సహస్రనామం సంథ చెబుతాను. కొన్ని రోజులు గొంతు మరీ సన్నగిల్లుతుంది. అప్పుడు పిల్లలు కుర్చీ దగ్గరకు జరుగుతారు. మందు ప్రభావం తగ్గిన వేళల్లో వణికే నా చేయి కుర్చీ కోడు మీద టకటక కొట్టుకుంటుంది. మొదట్లో దాన్ని ఉత్తరీయం కింద దాచేవాణ్ణి. ఒక చిన్నవాడు, "తాతయ్యా, మీరు తాళం వేస్తున్నారా?" అని అడిగాడు. ఆనాటి నుంచి దాచడం మానేశాను.

నా వ్యాధి తగ్గలేదు. ముదురుతున్నది. ఈ సంథ చెప్పే పని కూడా ఒకనాడు నా నుంచి పోవచ్చు. అప్పుడు వినే పని మిగులుతుంది. అదీ కష్టమైతే తలచుకునే పని ఉంటుంది. అది కూడా సాధ్యం కాని రోజున, నా కోసం తలచేవారు ఉంటారని నమ్మకం. ఆ సాయంకాలం ఏమీ చేయలేని భీష్ముని చుట్టూ నిలబడి చేతులు జోడించినవారిని చూసిన తరువాత ఆ నమ్మకం కలిగింది.

రాబోయే శనివారం మీ ఇంట సహస్రనామ పారాయణ జరిగేటప్పుడు, 'భీష్మ ఉవాచ' అన్న మాట రాగానే ఒక్క క్షణం ఆగండి. ఇంట్లో లోపలి గదిలో మంచం మీద ఎవరైనా ఉంటే, పుస్తకాలు తీసుకొని అక్కడికి వెళ్లండి. వారి పక్కన కూర్చొని, తరువాతి నామం వారిని చెప్పమనండి.